వేరుకుంపటికి నిప్పు ఎక్కడిది?

1960ల న్యూయార్క్ ప్రకటనల కంపెనీ కథగా నడిచే అమెరికన్ టీవీ సీరియల్ 'మ్యాడ్ మెన్' మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ 'షట్ ద డోర్. హ్యావ్ ఎ సీట్.' మాట వస్తే చాలు, భలే దోపిడీ కథ అంటారు. శుక్రవారం పథకం, శని ఆదివారాల్లో ఆఫీసు ఖాళీ, సోమవారానికి హోటల్ గదిలో కొత్త కంపెనీ. 2009 నవంబరు 8న ప్రసారమైన ఈ ఎపిసోడ్ రచనకు మాథ్యూ వైనర్, ఎరిన్ లెవీలకు మరుసటి ఏడాది ఎమ్మీ వచ్చింది. పడిపోయి లేచినవాళ్ల కథల్లో దీన్ని తలుచుకోనివాళ్లు తక్కువ.

నాకూ ఇది ప్రాణమే. కానీ మళ్లీ చూసిన కొద్దీ ఆ దోపిడీ మీద మోజు తగ్గి, ఒక చిన్న సన్నివేశం మీద గురి పెరుగుతోంది. కంపెనీలో ప్రకటనలు తయారుచేయించే డాన్ డ్రేపర్, తన కింద ప్రకటనల మాటలు రాసే పెగ్గీ ఇంటికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, నాలుగు మాటలు చెప్తాడు చూడండి, అది. అంతకుముందు సీజన్‌లో అదే పెగ్గీకి తాను చేసిన బోధను డాన్ అక్కడ వెనక్కి తీసుకుంటాడు. ఈ ఎపిసోడ్‌లో కొత్తగా మొదలైంది ఏదైనా ఉంటే అక్కడే మొదలైందని నా నమ్మకం. (సిరీస్ చివరిదాకా చూడనివాళ్లు ఇక్కడే ఆగడం మంచిది. ముందు సంగతులన్నీ చెప్పేస్తాను.)

ముందు ఆ దోపిడీ ఎలా పనిచేస్తుందో చూడాలి. అది తెలియకపోతే డాన్ ఆ ఇంటి మెట్లెక్కడానికి ఎందుకంత ఇబ్బంది పడ్డాడో అర్థం కాదు.

కాగితాలు, గడియారం, తాళాలు

హోటళ్ల యజమాని హిల్టన్ డాన్‌ను వాల్డార్ఫ్ హోటల్‌కు పిలిపించి చెప్పిన కబురు ఇదీ: మెక్కాన్ ఎరిక్సన్ అనే పెద్ద ప్రకటనల కంపెనీ లండన్ యజమానుల కంపెనీని కొనేస్తోంది, దాంతోపాటు వాళ్ల చేతిలో ఉన్న డాన్ కంపెనీ స్టెర్లింగ్ కూపర్ కూడా పోతుంది. డాన్‌కు మూడేళ్ల ఒప్పందం ఉంది. 'సెవెన్ ట్వంటీ త్రీ' ఎపిసోడ్‌లో పెద్ద భాగస్వామి కూపర్, డాన్ పాత పేరు గుట్టు తనకు తెలుసని మెత్తగా గుర్తుచేసి సంతకం పెట్టించిన కాగితం అది. రాజీనామా చేసి వెళ్లిపోతే ఆ కాగితం వెంటపడుతుంది. కంపెనీని తిరిగి కొనుక్కుందామంటే అమ్మే అధికారం లండన్ యజమానులు ఇక్కడ పెట్టిన అధికారి లేన్ ప్రైస్‌కు లేదు. అతనికున్నది ఇంకో అధికారం. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసెయ్యగలడు. తలుపు మూసిన గదిలో డాన్‌కు తట్టింది అదే: మమ్మల్ని తీసెయ్యి. తీసేస్తే ఒప్పందం తెగుతుంది. కట్టేసిన తాడునే పట్టుకుని గోడ దిగిపోవడం లాంటిది ఇది. వినగానే కూపర్ ముఖంలో వచ్చే వెలుగు చూడండి.

లేన్ ఎందుకు ఒప్పుకున్నాడు? లండన్‌కు ఫోన్ చేసినప్పుడు అతనికి తెలిసింది, తన యజమానులు తమ కంపెనీతో సహా తననూ అమ్మేశారని, ఆ సంగతి తన చెవిన కూడా వెయ్యలేదని. తలుపు మీద అతని పేరు పెడతామంటే మెత్తబడ్డాడు. మెత్తబడ్డాక పథకానికి ఎముకలు తొడిగింది అతనే. న్యూయార్క్ గడియారం లండన్ కంటే అయిదు గంటలు వెనక. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండైతే అక్కడ సాయంత్రం అయిదు. శుక్రవారం ఆ తర్వాత పంపిన టెలెక్స్ లండన్‌లో యంత్రం దగ్గర కాగితమై పడి ఉంటుందే తప్ప సోమవారం పొద్దున దాకా దాన్ని చదివే మనిషి ఉండడు. తేదీ 1963 డిసెంబరు 13, క్యాలెండర్ తీసి చూసినా శుక్రవారమే. నలుగురు తమ కాళ్లు తామే కాల్చుకున్న రోజని ఇంకో భాగస్వామి రోజర్ స్టెర్లింగ్ ఆ తేదీని పైకి పలుకుతాడు.

ఆ తర్వాత డబ్బు. అప్పటి ప్రకటనల కంపెనీలు బతికింది 15 శాతం కమీషన్ మీద. క్లయింటు లక్ష డాలర్ల టీవీ సమయం కొంటే కంపెనీ 15,000 ఉంచుకుని 85,000 టీవీ సంస్థకు కడుతుంది. అంటే బొమ్మలు, మాటలు ఎంత గొప్పగా ఉన్నా, సమయం కొని బిల్లులు నడిపే మనిషి లేకపోతే ఒక్క డాలరు రాదు. అందుకే ఆఫీసులో అందరికంటే తక్కువ గౌరవం ఉన్న, టీవీ విభాగం చూసే హ్యారీ క్రేన్‌ను సెలవు రోజున పిలిపించారు. రానంటే తెల్లారేదాకా సామాన్ల గదిలో పెట్టి తాళం వేస్తామని కూపర్ అతనికి చెప్తాడు. లక్కీ స్ట్రైక్ సిగరెట్ల కంపెనీ లేకుండా ఏమీ కుదరదనడానికీ కారణం ఈ కమీషనే. కంపెనీ పూచీ మీద సమయం కొనాలంటే వెనకాల నెలనెలా పెద్ద బిల్లు కట్టే క్లయింటు ఉండాలి. సిగరెట్ కంపెనీకి మించిన క్లయింటు ఆ రోజుల్లో ఎవరు?

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇంకొకటి. యజమానులు నలుగురూ ఆఫీసులోకి వచ్చి నిలబడ్డారు. ఏ ఫైలు ఎక్కడుందో ఒక్కరికీ తెలియదు. పేర్లు గోడ మీద ఉన్నవాళ్లు సొంత ఇంట్లో దీపం స్విచ్చి వెతుక్కునేవాళ్లలా ఉన్నారు. అప్పుడు రోజర్, ఒకప్పుడు ఆ ఆఫీసు నడిపిన జోన్‌కు ఫోన్ చేస్తాడు. ఆమె అప్పటికే ఉద్యోగం మానేసిన మనిషి. వచ్చీరాగానే ఏవి కావాలో, ఏవి వదిలెయ్యాలో, సామాను మోసేవాళ్లు ఎప్పుడొస్తారో, సోమవారం ఎక్కడ కూర్చుంటారో అన్నీ ఆమె చేతుల్లోకి వెళ్లిపోతాయి. చిత్రకారుల విభాగానికి తాళం వేసి ఉంటే డాన్ తలుపు తన్ని తెరుస్తాడు. అందరికీ గుర్తుండేది ఆ తన్నే. కంపెనీ మాత్రం సోమవారం ఫోన్ ఎత్తే స్థితిలో ఉందంటే అది జోన్ పుణ్యమే.

హోటల్ గదిలో కంపెనీ అనేది సినిమా కల్పన అనుకునేవాళ్లుంటారు. 1966లో మేరీ వెల్స్, రిచర్డ్ రిచ్, స్టూవర్ట్ గ్రీన్ తమ పాత కంపెనీ నుంచి విడిపోయి న్యూయార్క్ గాథమ్ హోటల్ గదిలోనే మొదలుపెట్టారు. ఫోన్లు ఎత్తింది మేరీ వెల్స్ తల్లి. కథలో పియర్ హోటల్, జీవితంలో గాథమ్ హోటల్, అంతే తేడా.

మూడు గుమ్మాలు

పథకం ఒక్కటే చాలదు. మనుషులు కావాలి. డాన్‌కు అలవాటు లేని పని అక్కడ మొదలైంది, ఒకరి గుమ్మం ముందు నిలబడి అడగడం.

మొదటి గుమ్మం రోజర్. కొన్నాళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. లక్కీ స్ట్రైక్ రోజర్ చేతిలో ఉంది. నీకు మనుషులతో సంబంధాలు నిలవవు, ఎందుకంటే వాటికి నువ్వు విలువివ్వవు అని రోజర్ ముఖం మీదే అంటాడు. నీతో సంబంధానికి విలువిస్తాను అంటాడు డాన్. ఇప్పుడు ఇస్తావులే అన్నట్టు ఉంటుంది రోజర్ జవాబు. అవసరం కొద్దీ వచ్చావని ఇద్దరికీ తెలుసు, దాచుకోలేదు. పాత స్నేహం కాబట్టి అంతటితో సరిపోయింది.

రెండోది క్లయింట్లను చూసుకునే పీట్ క్యాంప్‌బెల్. జబ్బని చెప్పి ఆఫీసు ఎగ్గొట్టి వేరేచోట అవకాశాలు చూసుకుంటున్నాడు. రోజర్ పొగడబోతే పీట్ ఆపి, డాన్ నోటితో వినాలంటాడు. డాన్ చెప్తాడు: విమానయానం, కుర్రకారు, నల్లజాతి వినియోగదార్లు, వీటన్నిటిలో నువ్వు మా అందరికంటే ముందు చూశావు. అదే సీజన్‌లో 'ద ఫాగ్' ఎపిసోడ్ చూసినవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది. అడ్మిరల్ టీవీలను నల్లజాతివారికి విడిగా అమ్మమని సలహా ఇచ్చినందుకు పీట్ తిట్లు తిన్నాడు. తిట్టిన చోటే ఇప్పుడు మెచ్చుకోలు. పీట్ భాగస్వామి హోదా అడగడం తర్వాతి సంగతి. ముందు అతనికి కావలసింది, తాను చూసిందాన్ని వీళ్లు కూడా చూశారని ఒప్పుకోవడం.

మూడోది పెగ్గీ. ఇక్కడ డాన్ మొదటిసారి ఓడిపోతాడు. ఆఫీసులో పిలిచి, నువ్వూ వస్తున్నావన్నట్టు చెప్పేస్తాడు. అడగడు. నేను మీ వెంట వస్తానని మీరే అనుకుంటున్నారు, అడగను కూడా అడగలేదు అని పెగ్గీ కుదరదనేస్తుంది. నా పని మీరే చేస్తున్నారని అందరూ అనుకుంటారు, చివరికి మీరు కూడా. మీరు ఓడిపోయినప్పుడల్లా తన్నడానికి పక్కన ఉండటమే నా ఉద్యోగం కాదు అని ఆమె చెప్పినప్పుడు డాన్ దగ్గర జవాబు లేదు.

తర్వాత ఆమె ఇంటికి వెళ్తాడు. నిన్ను లెక్కలోనే పెట్టుకోలేదు, నీతో కఠినంగా ఉన్నాను, నిన్ను నాలో ఒక భాగంగా చూశాను, నువ్వు అది కాదు అంటాడు. ఆ తర్వాత వచ్చే మాటలకే నేనీ ఎపిసోడ్ మళ్లీ మళ్లీ చూసేది. వస్తువులు కొనుక్కునే మామూలు మనుషులున్నారు, నీలాంటివాళ్లు, నాలాంటివాళ్లు. ఏదో జరిగింది, ఘోరమైంది. తమను తాము చూసుకునే తీరు పోయింది. అది ఎవరికీ అర్థం కావడం లేదు, నీకు అర్థమవుతుంది. చాలా విలువైన సంగతి అది.

పైకి ఇది కెనెడీ హత్య గురించి. మూడు వారాల కిందటి దుఃఖం అది. కానీ ఈ ఇద్దరి మధ్యా 'ఘోరమైంది జరిగింది' అనే మాటకు ఇంకో అర్థం ఉంది.

ఇది జరగనే లేదు

రెండో సీజన్ 'ద న్యూ గర్ల్' ఎపిసోడ్‌లో ఆసుపత్రి సన్నివేశం గుర్తు చేసుకోండి. ఎవరికీ తెలియకుండా బిడ్డను కని, మతి చెదిరి మంచం మీద పడి ఉన్న పెగ్గీ దగ్గరికి డాన్ వచ్చాడు. వాళ్లు ఏం చెప్పమంటే అది చెప్పి ఇక్కడి నుంచి బయటపడు, ముందుకు సాగిపో, ఇది జరగనే లేదు, ఇదెంతగా జరగలేదో తెలిశాక నువ్వే ఆశ్చర్యపోతావు అన్నాడు. డాన్‌కు తెలిసిన కొత్త జీవితం అంతా ఆ ఒక్క మంత్రమే. డిక్ విట్‌మన్ (డాన్ అసలు పేరు) కొరియా యుద్ధంలో చనిపోయిన మనిషి పేరు తొడుక్కుని నడిచొచ్చింది దాని మీదే. పెగ్గీ ఆ మంత్రాన్ని పాటించింది, ఉద్యోగంలో ఎదిగింది కూడా. కాబట్టి అది ఉత్త అబద్ధం అనలేం. ఆ రాత్రి ఆమెను ఆసుపత్రి మంచం నుంచి లేపింది అదే.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో అదే మనిషి అదే మనిషితో, జరిగింది అంటున్నాడు. జరిగిందని నీకు తెలుసు, అందుకే నువ్వు కావాలి అంటున్నాడు. ఏది దాచుకోమని చెప్పాడో దానికే ఇప్పుడు విలువ కడుతున్నాడు. నేను రానంటే ఇక నాతో మాట్లాడరు కదా అని ఆమె అడిగితే, లేదు, నిన్ను ఉద్యోగంలోకి తెచ్చుకోవడానికి బతికినన్నాళ్లూ ప్రయత్నిస్తూనే ఉంటాను అంటాడు. పెగ్గీగా వేసిన ఎలిజబెత్ మాస్ కళ్లలో నీళ్లు తిరగడం వెనక ఈ రెండు సీజన్ల దూరం ఉంది. కుదిరితే ఆసుపత్రి సన్నివేశం చూసి, వెంటనే ఈ సన్నివేశం చూడండి. రెండింటిలోనూ ఒకరు కూర్చుని ఇంకొకరికి బతుకుదారి చెప్తున్నారు. మొదటిదాంట్లో ఆజ్ఞ ఉంది, రెండోదాంట్లో ప్రశ్న ఉంది: నాకు సాయం చేస్తావా?

మధ్యలో వచ్చే పొలం జ్ఞాపకాన్ని చాలామంది ఎందుకొచ్చిందో తెలియక దాటేస్తారు. గోధుమ ధర దగ్గర సహకార సంఘంతో గొడవపడి డాన్ తండ్రి ఆర్చీ విడిపోతాడు. ఎవరి మాటా వినడు. రాత్రి తాగి గుర్రం దగ్గరికి వెళ్తే, ఉరుముకు బెదిరి అది తన్నిన దెబ్బకు పిల్లాడి కళ్లముందే పోతాడు. వేరుకుంపటి పెట్టుకున్న మొదటి మనిషి ఈ ఇంట్లో అతనే, అది కూడా ఒంటరిగా. డాన్ మూడు గుమ్మాలు ఎక్కడానికి కారణం ఆ గుర్రపుశాలలోనే ఉందని అనుకుంటాను.

నాకున్న అనుమానాలు

డాన్ వృత్తే మాటలు అమ్మడం కదా, పెగ్గీకి చెప్పింది కూడా అమ్మకమే కాదా? ఈ అనుమానాన్ని తోసిపారెయ్యలేను. క్షమాపణ మధ్యలో కూడా 'వస్తువులు కొనుక్కునే మనుషులు' అంటాడు చూడండి, కొనుగోలుదారు అతని నాలుక మీంచి దిగడు. పైగా మరుసటి సీజన్ 'ద సూట్‌కేస్'లో, మీరు ఎప్పుడూ థాంక్స్ కూడా చెప్పరు అని పెగ్గీ ఏడిస్తే, డబ్బిచ్చేది అందుకే అని అరుస్తాడు. పెగ్గీ ఇంట్లో చెప్పిన మాట ఏడాదిన్నర తిరక్కముందే అరిగిపోయిందన్నమాట. కానీ అదే ఎపిసోడ్ చివర, ఆనా (అసలు డాన్ డ్రేపర్ భార్య) చనిపోయిన కబురు విన్నాక, తన అసలు సంగతి తెలిసిన మనిషి పోయిందని పెగ్గీ ముందే వెక్కివెక్కి ఏడుస్తాడు. జరగనే లేదు అనలేదు. ఆ ఏడుపు లేకపోతే నా వాదన నిలబడేది కాదు.

రెండో అనుమానం ఇంకా బరువైంది. చిత్రకారుల విభాగం చూసిన సాల్ రొమానో. ఈ కొత్త కంపెనీకి ప్రాణాధారం లక్కీ స్ట్రైక్. లక్కీ స్ట్రైక్ అంటే దాని వారసుడు లీ గార్నర్ జూనియర్. ఇదే సీజన్ 'వీ స్మాల్ అవర్స్'లో అతను సాల్ మీద చెయ్యి వేశాడు, సాల్ తప్పించుకున్నాడు, దానికి అతని ఉద్యోగం తీయించాడు. రోజర్ తీసేశాడు, డాన్ అడ్డుపడకపోగా తప్పు సాల్‌దే అన్నట్టు మాట్లాడాడు. నాలుగు ఎపిసోడ్ల తర్వాత అందరం నవ్వుతూ చూసే ఈ శనాదివారాల్లో, చిత్రకారుల విభాగం తలుపు తన్ని తెరిచినప్పుడు, లోపల ఉండవలసిన మనిషి లేడు. ఎవరూ అతని పేరెత్తరు. వేరుకుంపటికి తెచ్చుకున్న నిప్పు ఆ ఇంటిదే. పెగ్గీకి 'జరిగింది' అని చెప్పగలిగిన డాన్ సాల్ విషయంలో పాత మంత్రమే పాటించాడు.

వదిలేసి వెళ్లినవాళ్ల సంగతీ అంతే. సోమవారం పొద్దున ఇంకో రచయిత పాల్ కిన్సీ పరిగెత్తుకెళ్లి పెగ్గీ గది తలుపు తీస్తే ఖాళీగా ఉంటుంది. తనను పిలవలేదన్నది ఒక దెబ్బ, ఆమెను పిలిచారన్నది ఇంకో దెబ్బ. దాన్ని నవ్వుకోసం పెట్టారనుకునేవాళ్లున్నారు. నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు.

పద్ధతి ప్రకారం చూస్తే వాళ్లు చేసింది తప్పే. ఉద్యోగం పోయింది కాబట్టి ఒప్పందం తెగింది, సరే. ఫైళ్లు, బొమ్మలు మాత్రం కంపెనీవే. లేన్ అయితే సోమవారం ఫోన్‌లో తీసేసేదాకా ఆ కంపెనీ జీతగాడే. తీసేస్తే సంతోషంగా క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పి ఫోన్ పెట్టేస్తాడు. అయిదో సీజన్‌లో ఆ మనిషికి ఏమైందో తెలిశాక ఆ సంతోషం చూడటం కష్టం.

లెక్క కూడా తిరగబడింది. కథలో ఆ శుక్రవారం గడిచి నెల తిరక్కముందే, 1964 జనవరి 11న, సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం మీద అమెరికా సర్జన్ జనరల్ నివేదిక బయటికొచ్చింది. నాలుగో సీజన్‌లో లక్కీ స్ట్రైక్ వెళ్లిపోతే భాగస్వాములు సొంత డబ్బు పెట్టవలసి వచ్చింది. పీట్ వాటా 50,000 డాలర్లు డాన్ తన జేబులోంచి కట్టాడు. ఏడో సీజన్ 'టైమ్ అండ్ లైఫ్'లో ఏ మెక్కాన్ నుంచి పారిపోయారో అదే వచ్చి మింగబోతుంటే, డాన్ మళ్లీ బొమ్మలూ పటాలూ సిద్ధం చేసి ఇంకో కొత్త కంపెనీ పథకం చెప్పబోతాడు. మెక్కాన్ పెద్ద జిమ్ హోబార్ట్ మధ్యలోనే ఆపి, పెనుగులాడకండి, మీరు గెలిచారు అంటాడు. పాత దోపిడీని తిరిగి ఆడబోయి అందరూ అక్కడ కుర్చీల్లో మౌనంగా ఉండిపోతారు.

ఇంటి గుమ్మం

ఇదే ఎపిసోడ్‌లో ఇల్లు కూలుతోంది. డాన్ భార్య బెట్టీ లాయరును కలిసింది. న్యూయార్క్ చట్టంలో అప్పటికి విడాకులకు వ్యభిచారం ఒక్కటే కారణం. ఆ చట్టం మారి అమల్లోకి వచ్చింది 1967లో. నెవాడాలో 1931 నుంచి ఆరు వారాలు కాపురముంటే చాలు. అందుకే రీనో ప్రయాణం. బెట్టీ మనసిచ్చిన హెన్రీ గురించి డాన్‌కు తెలిసింది రోజర్ నోట. తెలిసిన రాత్రి తాగి వచ్చి బెట్టీని లేపి నానా మాటలూ అంటాడు. ఆఫీసు కోసం మూడు గుమ్మాలెక్కి అడిగిన మనిషి సొంత పడకగదిలో ఒక్క ప్రశ్న అడగలేదు. పిల్లలకు చెప్పేటప్పుడు, మీరు ఏవేవో అంటారు, అవేవీ నిజం కాదు అంటుంది శాలీ. నేను మీ కఫ్‌లింకులు పోగొట్టినందుకా అని అడుగుతాడు బాబీ. పెగ్గీ ముందు దొరికిన మాటలు అక్కడ అతనికి దొరకవు. ఒకే ఎపిసోడ్‌లో ఈ రెండూ పక్కపక్కన పెట్టారు కాబట్టే పెగ్గీ సన్నివేశం తీపి అయిపోలేదు. చివరికి ఫోన్‌లో బెట్టీతో, నీతో పోట్లాడను అని మాత్రం అంటాడు.

ఇక పియర్ హోటల్ గది. ఎక్కడ పడితే అక్కడ పెట్టెలు, మంచాల పక్కన టైపురైటర్లు. పీట్ భార్య ట్రూడీ తినడానికి ఏవో తెచ్చింది. ఫోన్ మోగితే జోన్ ఎత్తి, స్టెర్లింగ్ కూపర్ డ్రేపర్ ప్రైస్ అని నాలుగు పేర్లూ వరసగా పలుకుతుంది. ఆ నాలుగింటిలో జోన్ పేరు లేదు, పెగ్గీ పేరూ లేదు. రోజర్ యథాలాపంగా, పెగ్గీ, కాస్త కాఫీ తెచ్చిపెడతావా అంటాడు.

తేను అంటుంది పెగ్గీ.